నా గాంధారం తగ్గితే తగ్గిందనే చెప్పండి

రిటైరైన మూడో నెలలో వయొలిన్ క్లాసులో చేరాను. మొదటి మాస్టారు దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నాను, ఆ ఆరు నెలల్లో ఆయన నన్ను ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు. ఏం వాయించినా "బావుంది మేడమ్, చాలా బావుంది" అనేవారు. నాకంటే ముందు పదేళ్ల బాబు ఒకడు నేర్చుకునేవాడు, వాడిని మాత్రం ప్రతి వరసకీ ఆపేవారు, వేలు పట్టుకుని అటో ఇటో జరిపి "మళ్లీ" అనేవారు, వాడు మూతి ముడుచుకుని మళ్లీ వాయించేవాడు. బయట కుర్చీలో కూర్చుని నేను ఆ "మళ్లీ"లు లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఆ బాబుని ఆపినట్టు నన్నెందుకు ఆపరండీ అని. ఆయన ఎంతో ప్రేమగానే చెప్పారు: "వాడికి పరీక్షలున్నాయి, ముందు కచేరీలున్నాయి. మీకెందుకు మేడమ్ ఆ టెన్షన్, ఇన్నేళ్లు ఉద్యోగం చేసి అలిసిపోయారు, హాయిగా వాయించుకోండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మంచాయన, అందులో నాకే అనుమానం లేదు. కానీ ఆ మాటకి అర్థం ఏంటంటే, నువ్వు తప్పు వాయించినా ఒప్పు వాయించినా ఎవరికీ తేడా పడదు అని. తేడా పడకపోవడం అనేది నా జీవితంలో నేను ఎప్పుడూ ఒప్పుకోని విషయం. ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్లో పని చేసినదాన్ని.

ఈ "హాయిగా వాయించుకోండి" అన్న మాట మీదే నాకు పేచీ. రిటైరైనవాళ్లు పాట నేర్చుకున్నా, ఫ్లూట్ పట్టుకున్నా, కీబోర్డ్ ముందు కూర్చున్నా అందరూ ఇదే మాట అంటారు. పిల్లలు అంటారు, పక్కింటివాళ్లు అంటారు, ఆఖరికి నేర్పేవాళ్లు కూడా అంటారు. దాన్ని గౌరవం అనుకుంటారు, నాకైతే తలుపు మూసేసినట్టు ఉంటుంది.

అకౌంట్స్ పని తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. 1494లో వెనిస్‌లో లూకా పచోలీ అనే సన్యాసి ఒక లెక్కల పుస్తకం అచ్చు వేయించాడు, ఆయన లెక్కల పంతులు కూడా, అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్న జంట పద్దు విధానాన్ని అందులో వివరంగా రాసిపెట్టాడు. ఒక పద్దు రెండు చోట్ల పడాలి, ఒక చోట డెబిట్, ఇంకో చోట క్రెడిట్, ఆఖర్న రెండు వైపులా కూడితే సమానం రావాలి. ఐదు వందల ఏళ్లు దాటినా మేం చేస్తున్నది అదే, పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి అంతే. ఈ పద్ధతిలో నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది ఏంటంటే, మనిషి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ తప్పు తనంతట తనే బయటపడేలా కట్టారు దాన్ని.

నేను చేరిన కొత్తలో ఒక రాత్రి ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్లూ క్రెడిట్లూ కూడి సరిచూసే పట్టిక, కలవలేదు. తేడా 63. చిన్న మొత్తమే, సస్పెన్స్ అకౌంట్‌లో, అదే పాత పుస్తకాల్లో అనామతు ఖాతా అంటారు, లెక్క తేలని మొత్తాలు తాత్కాలికంగా ఉంచే చోటు, అందులో వేసేసి ఇంటికి పోదాం అన్నాను. మా సీనియర్ గారు ఒప్పుకోలేదు. "63ని తొమ్మిదితో భాగించమ్మా" అన్నారు. భాగించాను, శేషం లేకుండా ఏడు వచ్చింది. "అయితే ఎక్కడో అంకెలు అటూ ఇటూ పడ్డాయి, 81 ఉన్న చోట 18 రాసుంటావు, వెతుకు" అన్నారు. నిజంగానే అలాగే ఉంది, ఒక వోచర్లో. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది, ఇది మా పనిలో అందరికీ తెలిసిన సూత్రమే, కానీ ఆ రోజు నాకు అది సూత్రంలా తోచలేదు. నా తప్పుకి కూడా ఒక రూపం ఉంది, దాన్ని ఒకరు చూసి ఇలా ఉండి ఉంటుంది అని చెప్పగలరు, అంత శ్రద్ధగా నా పని చూశారు ఒకరు అనిపించింది. ఆయన "పర్లేదులే, చిన్నదేగా" అని ఉంటే నేను ఆ రాత్రి తొందరగా ఇంటికి పోయేదాన్ని, కానీ అకౌంటెంట్‌ని అయ్యేదాన్ని కాదు.

అందుకే మాస్టార్ని మార్చాను. బాధగానే మార్చాను.

ఇప్పటి మాస్టారు వయసులో నా కొడుకంతవాడు. అయినా నేను మాస్టారూ అనే అంటాను, ఆయన నన్ను అమ్మా అంటాడు. మొదటి రోజే చెప్పేశాను, బాబూ నన్ను ఆపండి, తప్పుంటే తప్పని చెప్పండి, నేనేం అనుకోను అని. ఆయన సరే అని మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అదే అందరూ మొదట నేర్చుకునే పాఠాలు, మళ్లీ మొదట్నుంచి పెట్టించాడు, ఆరు నెలలు నేర్చుకుని వచ్చినదాన్ని, స రి గ దగ్గరే ఆపేశాడు. "గాంధారం కిందుందమ్మా." మళ్లీ వాయించాను. "ఇప్పుడు పైకి పోయింది." గంటసేపు అదే గాంధారం. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు నా అడుగులు ఎంత తేలిగ్గా పడ్డాయో చెప్పలేను.

వయొలిన్ మీద మెట్లు ఉండవు కదా. వీణకి ఉంటాయి, గిటార్‌కి ఉంటాయి, వేలు మెట్టు దగ్గర పడితే స్వరం దాదాపు దాని చోటే పలుకుతుంది. వయొలిన్ మీద నున్నటి నల్ల చెక్క ఒక్కటే, ఎక్కడ నొక్కాలో చెవే చెప్పాలి. నేను అలవాటు కొద్దీ లెక్క వేసుకున్నాను. ఫుల్ సైజు వయొలిన్‌లో తీగ మోగే పొడవు సుమారు 328 మిల్లీమీటర్లు. ఒక స్థాయిని, అంటే స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా విడదీస్తారు, ఈ కొలత 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఎల్లిస్ పెట్టింది, కీబోర్డ్ మీద పక్కపక్క మీటలకి మధ్య 100 సెంట్లు. తీగ మొదట్లో వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే స్వరం ఐదు సెంట్ల పైచిలుకు మారుతుంది, సగానికి, అంటే పై స్థాయి షడ్జం (పై స) దగ్గరికి వెళ్లేసరికి అదే మిల్లీమీటరుకి పది సెంట్లు దాటిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ తప్పు ఖరీదు పెరుగుతుంది. ఈ కాగితం చూపిస్తే మాస్టారు చాలాసేపు చూశాడు, తర్వాత "ఇవన్నీ వేలికి తెలియాలమ్మా" అన్నాడు. నిజమే, కానీ నాకు అంకె తెలిశాక వేలికి భయం తగ్గింది, ఎంత దూరం వెతుక్కోవాలో తెలిసినట్టయింది.

ఇక్కడ గాంధారం సంగతి చెప్పాలి, నన్ను నెలల తరబడి పట్టుకున్నది అదే. ఇంట్లో ప్రాక్టీసుకి కీబోర్డ్ మీద గాంధారం నొక్కి దానికి సరిపోయేలా వేలు పెట్టుకునేదాన్ని. క్లాసుకెళ్తే మాస్టారు కాదంటాడు, కొంచెం ఎక్కువైందంటాడు. శ్రుతిపెట్టె పెట్టుకుని వింటే నిజంగానే కలవట్లేదు, గరగరమంటోంది. నాకు ఏడుపొచ్చింది, ఆయన చెప్పిన చోట పెడితే కీబోర్డ్‌తో తేడా, కీబోర్డ్ చెప్పిన చోట పెడితే శ్రుతితో తేడా. రెండు పుస్తకాలు, రెండు బ్యాలెన్సులు. ఇలాంటప్పుడు అకౌంటెంట్ చేసే పని ఒకటే, రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడ పుట్టిందో వెతకడం.

వెతికాను. షడ్జానికీ అంతర గాంధారానికీ, అంటే నేను వాయించే ఈ గాంధారానికీ, సహజంగా కలిసే పౌనఃపున్యాల నిష్పత్తి 5:4, అంటే 386 సెంట్లు. కీబోర్డ్ గాంధారం సరిగ్గా 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తేడా దాదాపు 14 సెంట్లు, నా తీగ మీద కొలిస్తే రెండు మిల్లీమీటర్లు. అంటే కీబోర్డ్ చెడిపోలేదు, మాస్టారి చెవీ తప్పు కాదు. మరి కీబోర్డ్‌లో అలా ఎందుకు పెట్టారు అని ఇంకా తవ్వాను, తవ్విన చోట తగిలిందే నా రిటైర్మెంట్ జీవితంలో పెద్ద సంగతి.

షడ్జం నుంచి పంచమానికి, అంటే స నుంచి ప కి, నిష్పత్తి 3:2. ఆ పంచమాన్నే షడ్జం అనుకుని దాని పంచమానికి వెళ్లండి, అక్కణ్ణుంచి మళ్లీ పంచమం, ఇలా పన్నెండు సార్లు వెళ్తే పన్నెండు స్వరాలూ చుట్టి మళ్లీ మొదటి షడ్జానికే, ఏడు స్థాయిల పైన, చేరాలి. చేరినట్టే ఉంటుంది, చేరదు. ఒకటిన్నరని పన్నెండు సార్లు గుణిస్తే 129.746 వస్తుంది. రెండుని ఏడు సార్లు గుణిస్తే 128. కాల్క్యులేటర్ ఉన్నవాళ్లు ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ ఎవరూ అంకెలు తారుమారు చెయ్యలేదు, ఏ వోచరూ పోలేదు, అయినా రెండు వైపులా కలవవు, ఎప్పటికీ కలవవు. మూడుని ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే, రెండుని ఎన్నిసార్లు గుణించినా సరిసంఖ్యే, రెండూ ఎక్కడ కలుస్తాయి? సెంట్లలో చెప్తే ఆ తేడా 23.46. పైథాగరస్ పేరుతో దాన్ని పైథాగరియన్ కామా అంటారు.

ముప్పై నాలుగేళ్లు తేడా అంటే ఎవరో ఒకరు చేసిన తప్పు అనుకుంటూ బతికాను. ఎవరూ తప్పు చేయకుండా మిగిలే తేడా ఒకటుందని, అది ప్రకృతే అనామతు ఖాతాలో పెట్టేసిన మొత్తమని ఈ వయసులో తెలిసింది. ఆ రోజు మా ఆయన్ని కూర్చోబెట్టి కాగితం మీద మొత్తం వేసి చూపించాను, ఆయన రెండుసార్లు తనే గుణించి చూసుకుని "అయితే ఏం చేశారు మరి దాన్ని?" అన్నారు. సరైన ప్రశ్న. పంచేశారు. ఆ 23.46ని పన్నెండు పంచమాలకీ సమానంగా పంచి, ఒక్కో పంచమాన్నీ సుమారు రెండు సెంట్లు తగ్గించారు. అలా పక్కపక్క స్వరాల మధ్య నిష్పత్తి అన్ని చోట్లా ఒకటే అయింది, 1.05946, రెండుకి పన్నెండో మూలం. చైనాలో మింగ్ రాజవంశపు రాజకుమారుడు జు జైయూ 1584 నాటికే దీన్ని లెక్కగట్టాడు. కీబోర్డ్‌లో పంచమానికి తగ్గిన రెండు సెంట్లు మామూలు చెవికి తెలియవు, కానీ ఈ ఏర్పాటులో గాంధారం సహజమైన చోటు నుంచి 14 సెంట్లు పైకి జరిగిపోతుంది, అది మాత్రం శ్రుతి పక్కన పెడితే తెలుస్తుంది. ఏ స్వరాన్ని షడ్జం చేసుకున్నా ఒకేలా పలకడం కోసం కీబోర్డ్ కట్టిన మూల్యం అది. నాకు ఆ అవసరం లేదు, నా షడ్జం మారదు, నా వయొలిన్‌కి మెట్లు లేవు, కాబట్టి నేను ఆ మూల్యం కట్టక్కర్లేదు, రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే చాలు.

ఇప్పుడు నా వాదనకి వస్తాను. ఆ మొదటి మాస్టారు "బావుంది" అంటూ ఉండి ఉంటే ఇదేదీ నాకు తెలిసేది కాదు. గాంధారం తప్పని ఒకరు అన్నారు కాబట్టే ఎందుకు తప్పు అని వెతికాను, వెతికాను కాబట్టే ఈ వయసులో ఒక కొత్త ఆశ్చర్యం దొరికింది. తప్పు చెప్పకపోవడం వల్ల నాకు టెన్షన్ తప్పుతుందనుకున్నారు, నిజానికి తప్పేది ఆశ్చర్యం.

ఎవరైనా వెంటనే పదివేల గంటల మాట తెస్తారు. చిన్నప్పట్నుంచి పదివేల గంటలు చేస్తే గానీ రాదు, ఇప్పుడు మొదలుపెట్టి ఏం సాధిస్తారు అని. సరే, లెక్కే వేద్దాం, రోజుకో గంట అంటే పదివేల రోజులు, ఇరవై ఏడేళ్లు దాటుతుంది, అరవైలో మొదలెడితే ఎనభై ఏడు. భయపెట్టే అంకే. కానీ అది వచ్చిన చోటు చూడాలి. ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో ఇంకో ఇద్దరు, 1993లో ప్రచురించిన పరిశోధన అది, బెర్లిన్‌లోని ఒక సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల మీద చేసింది. వాళ్లలో అందరికంటే మేటి అనుకున్న గుంపు ఇరవై ఏళ్ల వయసొచ్చేసరికి చేసిన సాధన సగటున పదివేల గంటలకి దగ్గరగా ఉంది. సగటు! అంటే అందులో తక్కువ చేసినవాళ్లూ ఉన్నారు, ఎక్కువ చేసినవాళ్లూ ఉన్నారు. సగటుని తీసుకెళ్లి ఎంట్రన్స్ ఫీజులా గుమ్మం దగ్గర అడగడం ఏం న్యాయం? పైగా ఆ పరిశోధనలో అసలు మాట గంటలు కాదు, ఎలాంటి గంటలు అన్నది. తనకి రానిదాన్ని ఎంచుకుని, తప్పు ఎక్కడుందో తెలుసుకుని, దాన్నే దిద్దుకుంటూ చేసే సాధన గురించి వాళ్లు రాశారు. వచ్చిందాన్నే హాయిగా వాయించుకుంటే ఎన్ని గంటలైనా అది ఆ సాధన కిందకి రాదు. పదివేల గంటలు చూపించి మమ్మల్ని నిరుత్సాహపరిచేవాళ్లూ, తప్పులు చెప్పకుండా వదిలేసేవాళ్లూ తరచుగా ఒకళ్లే, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇంకో మాట కూడా అంటారు, అకౌంటెంట్ కదా, అంకెల్లోంచి బయటపడటానికి సంగీతంలోకి వచ్చి ఉంటారు అని. నేను ఎక్కణ్ణుంచీ బయటపడలేదు. 72 మేళకర్తల, అంటే మూల రాగాల, పట్టిక చూసినప్పుడు నాకు సొంతింటికి వచ్చినట్టుంది. 17వ శతాబ్దంలో వేంకటమఖి కట్టిన చట్రం, రి గ జతలు ఆరు, ద ని జతలు ఆరు, మధ్యమాలు రెండు, ఆరు ఆర్లు ముప్పై ఆరు, రెండింతలు డెబ్బై రెండు. తర్వాత రాగాల పేర్లలోనే నంబర్లు దాచారు కటపయాదితో, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే పద్ధతితో. మాయామాళవగౌళలో మా అంటే ఐదు, యా అంటే ఒకటి, తిరగేస్తే పదిహేను. మేచకల్యాణిలో మే ఐదు, చ ఆరు, తిరగేస్తే అరవై ఐదు. ఇది చార్ట్ ఆఫ్ అకౌంట్స్ కాకపోతే ఏంటి, ప్రతి ఖాతాకీ ఒక కోడు, కోడులోంచి ఖాతా స్వభావం తెలుస్తుంది. మొదటి ముప్పై ఆరులో ఉంటే శుద్ధ మధ్యమం, తర్వాతైతే ప్రతి మధ్యమం.

తాళం దగ్గర మాత్రం లెక్క నన్ను కాపాడలేదు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు చొప్పున ముప్పై రెండు మాత్రలు. ఆరు మాత్రల ముక్క మూడు సార్లు, మధ్యలో రెండేసి మాత్రల విరామం రెండు సార్లు, మొత్తం ఇరవై రెండు, కాబట్టి పది మాత్రలు వదిలి ఎత్తుకుంటే సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, దిగుతుంది. కాగితం మీద నాకు క్షణం పట్టదు. కమానుతో వాయిస్తే మూడోసారికి అర మాత్ర వెనకబడతాను. మాస్టారు తొడ మీద తాళం వేస్తూ సమం దగ్గర చెయ్యి గాల్లో ఆపి నాకోసం చూస్తాడు, ఆ ఆగిన చెయ్యి నాకు ఏ మెచ్చుకోలుకంటే విలువైంది. ఒకాయన నా కోసం, నా రాక కోసం చూస్తున్నాడు, నేను సమయానికి వస్తానని నమ్మి చూస్తున్నాడు.

చార్లెస్ ఐవ్స్ అని అమెరికన్ కంపోజర్ (1874–1954), ఆయన బతుకుతెరువు ఇన్సూరెన్స్ వ్యాపారం, 1907లో భాగస్వామితో కలిసి సొంత ఏజెన్సీ పెట్టాడు, సాయంత్రాలూ సెలవు రోజులూ సంగీతం రాసుకున్నాడు. ఎన్నో ఏళ్ల ముందు రాసిన మూడో సింఫనీకి 1947లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆయనతో నాకు పోలిక లేదు, ఆయన చిన్నప్పుడే నేర్చినవాడు. కానీ పొద్దున ఆఫీసుకి వెళ్లే మనిషి అని ఆయన సంగీతానికి ఎవరూ మార్కులు కలపలేదు, దాన్ని సంగీతంగానే విన్నారు.

వయసు పెట్టే హద్దులు నాకు తెలియనివి కావు. చిటికెన వేలు చాచితే పొద్దున పూట నొప్పి. చెవిలో పై పౌనఃపున్యాలు ముందు తగ్గుతాయట వయసుతో, లోపలి చెవిలోని సన్నటి రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ రావు, వయొలిన్ నాదంలో ఆ మెరుపు నాకు కొంత ఇప్పటికే వినపడకపోతూ ఉండొచ్చు. కచేరీ చేస్తానని నేను అనట్లేదు. కచేరీ చెయ్యనివాళ్లకి శ్రుతి అక్కర్లేదా అన్నదే నా ప్రశ్న.

మా ఆయన వంటింట్లో పాత పాటలు పాడుకుంటారు, శ్రుతి ఎక్కడుందో ఆయనకి పట్టదు, పట్టాల్సిన పనీ లేదు, ఆ పాట ఆయనకి ఊపిరి లాంటిది, నేను ఒక్కసారి కూడా దిద్దలేదు. సంతోషం కోసం పాడుకునేవాళ్లని పరీక్షలో కూర్చోబెట్టమని నేను చెప్పట్లేదు. అడగండి అంటున్నాను. ఎవరికి ఏం కావాలో వాళ్ల తెల్లజుట్టుని చూసి తేల్చెయ్యకండి. అరవై దాటిన మనిషి వచ్చి నేర్పమంటే, దిద్దమంటారా, తోడుగా వాయించమంటారా అని ఒక్క మాట అడిగితే చాలు, మాలో చాలామందికి ఆ మాట కోసమే గొంతు ఎండిపోయి ఉంటుంది.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, ఆఫీసు అలవాటు, ఎడమ వైపు తేదీ, మధ్యలో మాస్టారు చెప్పిన తప్పు, కుడి వైపు అది సరైన రోజు. ఎర్ర పెన్సిల్‌తో టిక్కు మాస్టారే పెట్టాలి, నేను పెట్టుకోను. ఈ మధ్య శ్రుతి చేసుకునేటప్పుడు కొత్తగా ఒకటి వినపడుతోంది. షడ్జం తీగా పంచమం తీగా కలిపి కమాను లాగితే, కలవనప్పుడు నాదం అలలు అలలుగా ఊగుతుంది, బిరడ మెల్లగా తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఒక చోట ఆగిపోయి రెండు తీగలూ ఒకటే గొంతు అవుతాయి. మొదటేడు మాస్టారే శ్రుతి చేసి ఇచ్చేవాడు. నిన్న నేను చేసుకున్నాను, ఆయన విని ఏమీ అనకుండా వరసలు మొదలుపెట్టమని తల ఊపాడు.

స రి గ. ఆపాడు.

"కొంచెం కిందుందమ్మా."

"ఎంత?"

"చాలా కొంచెం. మళ్లీ."